రెండు నిమిషాల పదహారు సెకన్ల నిశ్శబ్దం

కత్తిరించిన జుట్టు మళ్ళీ నెత్తికి అతుక్కోదు కదా, అలాగే పాఠంలోంచి కత్తిరించిన నిశ్శబ్దం మళ్ళీ మనిషికి రాదు, ఇందులో ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు, ఒప్పుకుంటూ సంతకం పెట్టింది తనే, రికార్డింగు ఒప్పందం నాలుగో పేజీలో, అడుగున, అక్షరాలు చిన్నవిగా ఉన్న చోట, అని అచ్యుతం యూనివర్సిటీ స్టోరు ముందున్న చెక్కబల్ల మీద కూర్చుని అనుకుంటున్నాడు. దగ్గర్లో ఎవరూ లేరు కాబట్టి నోరు మూతపడి ఉంది. మాటలు లోపలే తిరుగుతున్నాయి. మనిషి కనిపిస్తే మాత్రం బయటికి వస్తాయి, ఇక ఆగవు. శుక్రవారం, మధ్యాహ్నం మూడు కావస్తోంది. భోజనానికి వెళ్ళిన స్టోరుకీపరు ఇంకా రాలేదు. సాయంత్రం ఆరింటిలోగా అతనికి ఎలాగైనా రెండు నిమిషాల నిశ్శబ్దం కావాలి.

డాక్టర్ గుడిమెట్ల అచ్యుతం ఆ యూనివర్సిటీలో పంతొమ్మిదేళ్ళుగా మనోవిజ్ఞాన శాస్త్రం చెబుతున్నాడు. నిరుడు అక్కడ పాడ్‌కాస్ట్ కేంద్రం తెరిచారు. ఒక్కో పాఠం ఇరవై రెండు నిమిషాలు ఉండాలని తీర్మానించారు. టౌన్లో కాంప్లెక్సు దగ్గర బస్సెక్కిన విద్యార్థి యూనివర్సిటీ గేటు దగ్గర దిగడానికి సరిగ్గా అంత సమయం పడుతుందని ముగ్గురు సభ్యుల కమిటీ రెండు రోజులు బస్సులో తిరిగి తేల్చింది. రైల్వే గేటు పడితే ముప్ఫై అవుతుంది గాని, గేటు పడటాన్ని విద్యా ప్రణాళికలోకి తీసుకోవడం కుదరదని నివేదికలో రాశారు. ప్రతి పాఠానికీ ముందుగా ప్రణాళికా పత్రం నింపి ఇవ్వాలి. మొదటి అరనిమిషంలో పాఠం వల్ల కలిగే ప్రయోజనాలు మూడు. ఏడో నిమిషంలో నిత్యజీవితం నుంచి ఉదాహరణ. పద్నాలుగో నిమిషంలో హాస్యం. హాస్యాన్ని రెండు ప్రతుల్లో రాసి పంపితే వారం రోజుల్లో ఆమోదించి పంపేవారు.

అచ్యుతం అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. అయినా అతని పాఠాలు ముప్ఫై ఒక్క నిమిషాలు వచ్చేవి. ఎక్కువైన తొమ్మిది నిమిషాల్లో మాటలు లేవు. ప్రశ్న అడిగి ఆగడం అతనికి క్లాసులో అలవాటు. చుట్టూ మెత్తటి స్పాంజి అంటించిన గదిలో, ఎదురుగా మైకు తప్ప ఎవరూ లేకపోయినా, అలాగే ఆగేవాడు.

పాఠాలను సరిచేసే గంగరాజు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్ తెరమీద చూపించాడు.

"ఇది మీరు మాట్టాడిందండి. చూశారా, గడ్డి మొలిచినట్టు లేచింది. ఇక్కడ చూడండి, బోడిగుండులా ఉంది. నలభై సెకన్లండి."

"అక్కడ ప్రశ్న అడిగాను కదా గంగరాజూ. ఆలోచించుకోవాలి కదా."

"ఎవరండి?"

"వినేవాళ్ళు."

"ఆళ్ళు బస్సులో ఉంటారండి. ఆలోచిస్తే స్టాపు దాటిపోతారు."

గంగరాజు మౌస్ నొక్కినప్పుడల్లా బల్ల కిందున్న స్టీలు ట్రేలో ఒక్కో నిశ్శబ్దం వచ్చి పడేది. చప్పుడు ఉండదు కాబట్టి పడిందో లేదో చెయ్యి పెట్టి చూసుకునేవాడు. మొదట్లో సాయంత్రం పూట వాటిని ఊడ్చి పారబోసేవారు. ఆ తర్వాత తనిఖీకి వచ్చినవారు, యూనివర్సిటీ పనివేళల్లో యూనివర్సిటీ గదిలో తయారైన వస్తువును పారబోసే అధికారం ఎవరిచ్చారని అడిగారు. అప్పట్నుంచి రేకు డబ్బాల్లో నింపి, చీటీ అంటించి స్టోరుకు పంపుతున్నారు.

అవి పనికొచ్చాయి కూడా. అంతకుముందు సంతాప సభల్లో రెండు నిమిషాలు మౌనం పాటించమంటే ముప్ఫై ఐదో సెకనుకే ఎవరిదో ఫోను మోగేది, ఎవరో దగ్గేవారు. ఇప్పుడు ముందు వరసలో నలుగురు డబ్బా మూత తీసి వాసన చూస్తే చాలు. పీల్చిన మనిషి ఆ నిశ్శబ్దం నిడివి పూర్తయ్యేదాకా మాట పలకలేడు. మిగతావాళ్ళు వాళ్ళను చూసి ఊరుకుంటారు. ఏడాదిలో సంతాప సభలు మూడింతలయ్యాయి.

నిశ్శబ్దం పాఠంలోంచి పోయినట్టే మనిషిలోంచీ పోతుందన్న సంగతి తక్కిన లెక్చరర్లకు పెద్దగా తెలిసిరాలేదు. వాళ్ళ దగ్గర పోవడానికి ఉన్నదే కొద్ది. అచ్యుతం దగ్గర బాగా ఉండేది. పద్నాలుగు పాఠాలకు రెండు గంటల ఆరు నిమిషాలు పోయింది. పద్నాలుగో పాఠం పూర్తయిన రోజు స్టూడియో మెట్లు దిగుతూ వాచ్‌మన్‌కు నమస్కారం పెట్టి, అలవాట్లు ఎలా ఏర్పడతాయో చెప్పడం మొదలుపెట్టాడు. వాచ్‌మన్ సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయేదాకా చెప్పాడు.

కేంద్రం డైరెక్టరు చక్రధరరావు అతన్ని గదికి పిలిపించుకుని, అతను మాట్లాడుతుండగానే భుజం తట్టాడు.

"ఇప్పుడు కదండీ మీరు టీచరయ్యారు. వెనకటికి మీతో మాట్లాడాలంటే భయంగా ఉండేది. ఏదన్నా అంటే ఆగి చూసేవారు. మనమేదో తప్పు మాట్లాడామేమోనని తడుముకోవాల్సొచ్చేది."

ధారాళ బోధనకుగాను ప్రశంసాపత్రం ఇచ్చారు. స్టాఫ్ రూములో ఎవరూ తేడా గమనించలేదు. అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడటం మొదట్నుంచీ ఉన్నదే. క్లాసులో పిల్లలకు ప్రాణం తెరిపినపడింది. అంతకుముందు ఆయన ప్రశ్న అడిగి ఆగితే, ఆ ఆగడం తమ మీదికే వస్తున్నట్టు తలలు దించుకునేవారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేదాకా గది ఊపిరి బిగబట్టుకునేది. ఇప్పుడు ప్రశ్న వెనకే జవాబు కూడా ఆయనే చెప్పేస్తున్నాడు. తనలో వచ్చిన ఈ మార్పును అచ్యుతం ఒక మనోవిజ్ఞాన శాస్త్రవేత్తగా పరిశీలించాడు. మాట ఆగినప్పుడు మనిషికి తనెవరో గుర్తొస్తుందని ఒకప్పుడు నోట్సులో రాసుకున్నాడు. ఈ మధ్య అతనికి తనెవరో గుర్తు రావడం లేదు. దానివల్ల పనులేవీ ఆగలేదు.

ఆగింది ఇంట్లో ఒక్కటే.

అతని భార్య సుగుణ మున్సిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యాకే ఆమె తన మాట మొదలుపెడుతుంది. నలభై మంది పిల్లలకు ఆ అలవాటు నేర్పే మనిషి, ఇంట్లో దాన్ని వదిలెయ్యలేదు. యూనివర్సిటీలో అందరూ అతని మాటల మీద నుంచి మాట్లాడటం నేర్చుకున్నారు గాని ఆమెకు చేతకాలేదు. మొదటి వారం వంటింటి గుమ్మంలో నిలబడి వాక్యం చివర కోసం చూసింది. తర్వాత చూడటం మానేసి, కంచం పెట్టి పక్కకు వెళ్ళడం మొదలుపెట్టింది. ముద్దకూ ముద్దకూ మధ్య కూడా అతను గుర్తు, మరుపు గురించి చెబుతూనే ఉండేవాడు.

పదకొండు రోజుల క్రితం జిల్లా విద్యాశాఖ నుంచి కవరొచ్చింది. ఆమె దాన్ని చదివి, మడిచి, వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. పది నిమిషాలు చూసి, జీవితంలో మొదటిసారి అతని మాటకు అడ్డం వెళ్ళింది.

"మీరు రెండు నిమిషాలు ఊరుకుంటే ఒక మాట చెప్పాలి."

అతను తలూపుతూనే అలవాట్ల గురించి చెబుతున్నాడు. ఆ చెప్పడంలోనే ఎక్కడో దారి చేసుకుని, కాగితం మీద రాసివ్వమన్నాడు.

"రాసిస్తే మార్కులేస్తారు మీరు," అంది సుగుణ. "రాసేది కాదు. వచ్చే శుక్రవారం ఆరింటిదాకా టైముంది. ఆ తర్వాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

సంగతేమిటో అతనికి తెలుసు. కవరు టీవీ పక్కనే ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్, నూట నలభై కిలోమీటర్ల అవతల, ఏజెన్సీలో. వెళితే అక్కడే ఉండాలి. వెళ్ళనా వద్దా అని తనను అడగబోతోంది. ఏం చెప్పాలో కూడా తెలుసు. వెళ్ళొద్దు అనాలి. అయితే ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆమెతో వద్దు అన్న మాట ఎప్పుడూ నోటితో అన్నట్టు గుర్తులేదు. అద్దె ఇల్లు మారదామా అని ఆమె అడిగినప్పుడు అతను ఊరుకున్నాడు, ఇల్లు మారలేదు. పిల్లలు ఇక పుట్టరని తెలిసినప్పుడు, ఎవర్నన్నా పెంచుకుందామా అని అడిగింది. అప్పుడూ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంలో ఏముందో ఆమె చదువుకుని లేచి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. అసలైన మాటలన్నీ అతను అలాగే చెప్పాడు. అవన్నీ ఇప్పుడు స్టోరులో ఉన్నాయి.

ముఖ్యంగా తొమ్మిదో పాఠం డబ్బా. బంధం గురించిన పాఠం అది. మీరు ఎవరి అడుగుల చప్పుడు కోసం వింటూ ఉంటారు అని శ్రోతల్ని అడిగి, యాభై రెండు సెకన్లు ఆగాడు. ఆ యాభై రెండు సెకన్లూ అతను సుగుణ స్కూలు నుంచి వచ్చి చెప్పులు విడిచే చప్పుడు విన్నాడు. ఆ డబ్బా ఒక్కటి దొరికితే చాలు. ఆమె చూడగానే తెలుసుకుంటుంది.

స్టోరుకీపరు ఎస్తేరు రాణి మూడుంబావుకు వచ్చింది. తాళం తీస్తుండగానే అచ్యుతం నోరు తెరుచుకుంది. ఏకాగ్రత లక్షణాల నుంచి మొదలై, తొమ్మిదో పాఠం మీదుగా, డబ్బా నంబరు దాకా వచ్చి, మళ్ళీ ఏకాగ్రత లక్షణాల్లోకి వెళ్ళాడు. ఆమెకు ఇలాంటివాళ్ళు కొత్త కాదు. దరఖాస్తు అందుకుని అతని మాటల మీద నుంచే చదివింది.

"మీ డబ్బా మీకివ్వడం కుదరదండి. ఎవరి నిశ్శబ్దం వాళ్ళకివ్వకూడదని రూలు. మొదట్లో ఇచ్చేవోళ్ళం. తెలుగు డిపార్ట్‌మెంటు మేడమొకావిడ తీసుకెళ్ళి తిరిగి రికార్డింగుకి రాలేదు. కూర్చుని కిటికీలోంచి చూస్తా ఉండేదంట."

అచ్యుతం ఆ మేడమ్ గురించి ఏదో అడగబోయాడు గాని అది ప్రేరణ సిద్ధాంతంగా బయటికొచ్చింది.

"ఇంకోటండి, మనుషులకివ్వం. డిపార్ట్‌మెంట్లకే. లైబ్రరీకి, పరీక్షల హాళ్ళకి, సంతాప సభలకి." ఆమె కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసింది. "ఇంట్లోకాండి?"

అతను మాట్లాడుతూనే తలూపాడు.

"నాకు తెలుసులెండి. మా ఆయన ఆటోలో మైకు పెట్టుకుని తిరుగుతాడు, ఇంటికొచ్చాకా అంతే. ఒక పని చెయ్యండి. కారణం దగ్గర సంతాప సభ అని రాయండి. దానికైతే పైన ఎవరూ అడగరు."

అతను రాశాడు. హాజరయ్యేవారి సంఖ్య దగ్గర రెండు అని రాశాడు. మరణించినవారి పేరు దగ్గర పెన్ను ఆగింది. నోరు ఆగలేదు.

"అది ఖాళీగా వదిలెయ్యండి. తర్వాత పూరించుకోవచ్చు," అంది ఎస్తేరు రాణి.

ఆమె లోపలికి వెళ్ళి అరల మధ్య చాలాసేపు వెతికింది. మనిషి కనుమరుగు కాగానే అచ్యుతం నోరు మూతపడింది. తలుపు సందులోంచి అతనికి తన డబ్బాలు కనిపించాయి, పద్నాలుగూ, కింద అరలో, వరసగా, తన పేరుతో. చేత్తో అందుకునేంత దూరంలో ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో అతను స్టోరు గడప దాటి లోపలికి వెళ్ళలేదు. సిబ్బందికి మాత్రమే ప్రవేశం అని బోర్డు ఉంది.

ఆమె ఒక చిన్న డబ్బా తెచ్చి దుమ్ము తుడిచింది. "రెండు నిమిషాల పదహారు సెకన్లు. అతుకులేమీ లేవు, ఒకటే ముక్క. లింగమూర్తి గారని కెమిస్ట్రీ ప్రొఫెసరు, నాలుగో పాఠం. మధ్యలో ఏం చెబుతున్నాడో మర్చిపోయి గోడకేసి చూస్తా కూర్చున్నాడంట పాపం. ఆనక గడువుకి ముందే రిటైర్మెంటు తీసుకున్నాడు."

అది తనకు సరిపోదని అచ్యుతం చెప్పాలనుకున్నాడు. నిశ్శబ్దాలన్నీ ఒకటి కావు. తెలిసి ఆగడం వేరు, తెలియక ఆగడం వేరు, తెలిసింది చెప్పలేక ఆగడం వేరు. పన్నెండో పాఠంలో అతను ఈ సంగతి వివరించాడు. ఇప్పుడూ అదే పాఠం మొదటి వాక్యం నుంచి మొదలైంది.

"నిశ్శబ్దం నిశ్శబ్దమే కదండీ," అంది ఆమె సంతకానికి పుస్తకం ముందుకు తోస్తూ. "ఇంట్లో ఎవరు చూస్తారు? సోమవారం ఖాళీ డబ్బా తెచ్చిచ్చెయ్యండి. మొత్తం వాడినట్టు ఒక ముక్క రాసి."

నాలుగున్నర బస్సు దొరికింది. పక్క సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న విద్యార్థిని ఒకమ్మాయి ఉంది. కూర్చోగానే అచ్యుతం గుర్తు, మరుపు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి ఫోనులో నడుస్తున్నదీ అతని పాఠమే, ఒకటిన్నర రెట్ల వేగంతో. తెర మీద అతని ఫోటో ఉంది. ఆమె ఒకసారి తలతిప్పి అతని పెదవుల వంక చూసి, ఏ తేడా కనిపించక, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. రైల్వే గేటు పడింది. పాఠం అయిపోయాక ఆమె ఇయర్‌ఫోన్లు తీసి సంచిలో పెట్టుకుని, మిగిలిన దూరం అతన్నే వింది.

ఇంటికి చేరేసరికి అయిదుంబావు దాటింది. సుగుణ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఒక కాగితం, పక్కన పెన్ను. కాగితం ఎగరకుండా ఫ్యాన్ ఆపేసి ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. అతను గుమ్మంలో అడుగు పెట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నాడు కాబట్టి ఆమె తలెత్తలేదు.

అతను ఎదురుగా కూర్చుని, డబ్బా బల్లమీద పెట్టి, మూత తీసి వాసన చూశాడు.

మాట ఆగిపోయింది. వంటింట్లో ఫ్రిజ్ మోత వినిపించింది. నెలల తర్వాత మొదటిసారి పక్కింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. సుగుణ తలెత్తి చూసింది. అతను మళ్ళీ మొదలుపెడతాడేమోనని కాసేపు ఆగింది.

"అయ్యిందా?" అంది.

తర్వాత పాఠం అప్పజెప్పినట్టు గబగబా చెప్పింది.

"నన్ను హెడ్‌మిస్ట్రెస్‌ని చేశారు. ఊరు ఏజెన్సీలో ఉంది. రోజూ వెళ్ళి రావడానికి అవ్వదు, అక్కడే గది తీసుకోవాలి. రెండో శనివారాలకి వస్తాను. ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసుంది నాకు. ఇప్పుడు వద్దంటే మళ్ళీ ఇవ్వరు. ఒప్పుకుంటే ఈ కాగితం మీద సంతకం పెట్టి ఆరింటిలోగా ఫోటో పంపాలి." ఊపిరి తీసుకుంది. "నాకు వెళ్ళాలనీ ఉంది, వద్దనీ ఉంది. సగం సగం. అంతకన్నా ఎంత లెక్కేసినా తేలట్లేదు. వద్దంటే మానేస్తాను. కోపమేమీ రాదు. ఏదో ఒకటి అనండి."

ఆగిందీ చెప్పిందీ కలిపి యాభై సెకన్లు పట్టింది. ఇంకా నిమిషం ఇరవై ఆరు సెకన్లున్నాయి.

అచ్యుతం లింగమూర్తి నిశ్శబ్దంలో కూర్చుని ఉన్నాడు. లోపల స్పాంజి గోడల వాసన ఉంది. నాలుక ఒక పదం కోసం వెతుకుతోంది, ఆ పదం ఏమిటో నాలుకకు తెలియదు. తెలియడం లేదని ఎదుటివాళ్ళకు తెలిసిపోతుందన్న సిగ్గు ఉంది. ఎవరైనా తలుపు తీసి బయటికి పిలిస్తే బాగుండునన్న కోరిక ఉంది. వెళ్ళొద్దు అన్న మాటను అతను జేబులో పెట్టుకున్నట్టు జాగ్రత్తగా స్టోరు నుంచి ఇక్కడిదాకా తెచ్చాడు. ఇప్పుడు వెతికితే లేదు. ఇది పరాయివాడి నిశ్శబ్దమని, తనది కాదని, అరనిమిషం పాటు గట్టిగా నమ్మాడు. ఆ తర్వాత అది కొలత ఇచ్చి కుట్టించినట్టు సరిపోవడం గమనించాడు. చూపు దానంతటదే గోడ మీదికి వెళ్ళింది.

సుగుణ అతన్ని పరీక్షగా చూస్తోంది.

"ఇదేంటి? ఇలా మీరెప్పుడూ ఊరుకోలేదు," అంది. "ఇష్టం లేకపోతే కిందికి చూస్తారు. కోపమొస్తే గోళ్ళు చూసుకుంటారు. ఇది గోడకేసి." మళ్ళీ చూసింది. "తెలీదంటారు. అంతేనా?"

అతను గోడ వైపే చూస్తున్నాడు. గోడ మీద గడియారం పక్కన పాలవాడి కేలండరు ఉంది.

"అంతేలా ఉంది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. జవాబు సరిచూసుకున్న లెక్కల టీచరు గొంతు అది. "పోన్లెండి. తెలీదంటే వద్దని కాదుగా."

కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసి, పూర్తి పేరుతో సంతకం పెట్టింది. తేదీ వేసింది. ఫోను తీసి కాగితం మీద పట్టుకుని, మళ్ళీ పక్కన పెట్టింది.

"ఇంకు మెరుస్తోంది. ఆరాక తియ్యాలి," అంది.

ఇద్దరూ సంతకం వంక చూశారు. నిశ్శబ్దం ఇంకా పదకొండు సెకన్లు మిగిలి ఉంది. అచ్యుతం ముందుకు వంగి, తడి ఆరేలా, ఆమె పేరు మీద మెల్లగా ఊదాడు.